షేర్ మార్కెట్ మ్యాపుకి నేను పెట్టిన నాలుగు బొట్లు

ఢిల్లీలో ఒక తెలుగు బడిలో నేను ఇరవై ఆరేళ్ళు ఆయాగా పనిచేశాను. గంట కొట్టాను, నీళ్ళు పట్టాను, చిన్నపిల్లల ముక్కులు తుడిచాను. పెద్దపిల్లల ప్రేమలేఖలు బెంచీల కింద దొరికితే చదవడం రాక అలాగే చెత్తబుట్టలో వేశాను. ఆ విషయంలో నా అంత నమ్మకస్తురాలు ఆ బడిలో ఇంకొకరు లేరు. సంతకం పెట్టగలను, బస్సు నంబరు చదవగలను, అంతకు మించి అక్షరం నాకు లొంగలేదు. ఇది కూడా నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. "కాస్త మెల్లగా చెప్పండి అత్తయ్యా, పక్కింటికి వినిపిస్తోంది" అంటోంది. మెల్లగా మాట్లాడే అలవాటు గంట కొట్టేవాళ్ళకి ఎక్కడినుంచి వస్తుంది?

మా ఆయన కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ప్యూను. సరోజినీ నగర్‌లో చిన్న క్వార్టరు ఉండేది. ఆయన పోయాక క్వార్టరు పోయింది, జాలిపడి ఎవరో ఇప్పిస్తే ఈ ఆయాపని వచ్చింది. ఆ కథ ఇంకెప్పుడూ చెప్పను, అందులో నవ్వేదేమీ లేదు. ఈ కథలో మటుకు ఉంది. ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలెవరైనా చదివితే ఒక్కటి గమనించండి. ఇందులో తప్పు చేసింది నేను, చెమటలు పట్టింది ఇంకొకరికి.

నేను రిటైరయ్యే ఏడాది మా బడికి కొత్తగా కామర్స్ సారు వచ్చాడు. కరీంనగర్ వైపు అబ్బాయి. గుర్గావ్‌లో కంపెనీ ఉద్యోగం మానేసి పిల్లలకి చదువు చెప్తానని వచ్చాడు. జియా సరాయ్‌లో ఒక్క గది అద్దెకి తీసుకున్నాడు. చుట్టుపక్కల గదుల్లో అందరూ ఉద్యోగం కోసం కోచింగులు తీసుకునేవాళ్ళేనట. వాళ్ళు ఇతన్ని చూసి, ఉన్న ఉద్యోగం వదులుకున్నవాడికి పిచ్చి ఏమైనా ఉందా అని ఇంటి ఓనర్ని అడిగారట. ఆ మాట సారే నాకు చెప్పి నవ్వాడు. బడివాళ్ళు అతనికి ఇచ్చింది ఒక్క ఏడాది కాంట్రాక్టు. దసరా సెలవుల తర్వాత కమిటీ వచ్చి అతని క్లాసు చూస్తుంది. నచ్చితే ఉంచుతారు, నచ్చకపోతే ఆ మార్చితో సరి.

ఆ క్లాసు ఏమిటంటే షేర్ మార్కెట్. పదకొండో తరగతి పిల్లలకి షేర్ అంటే ఫోనులో ఎక్కుతూ దిగుతూ ఉండే గీత. వాళ్ళ బాబాయిలు, అంకుల్స్ కూడా ఆ గీత చూసే ఆనందపడతారు, ఏడుస్తారు. ఈ సారు ఆ గీతని పక్కన పెట్టి, గోడ మీద ఉండే పెద్ద టచ్ టీవీలో మన దేశం మ్యాపు పెట్టాడు. ఊరి మీద వేలు పెడితే అక్కడ ఏం తయారవుతుందో, ఏ కంపెనీ ఉందో బొమ్మ వస్తుంది. బాగుంటే పచ్చగా, బాగోలేకపోతే ఎర్రగా వెలుగుతుంది. వేలు తీయకుండా నొక్కి పట్టుకుంటే ఆ కంపెనీ షేర్లు కొంటూ పోతుంది. అంతా ఉత్తుత్తి డబ్బే. కానీ కేరళలో వానలు ఎక్కువైతే రబ్బరు ఏమవుతుంది, రబ్బరు లేకపోతే చెన్నై దగ్గర టైర్ల ఫ్యాక్టరీ ఏమవుతుంది, ఇవన్నీ మ్యాపు మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వేలితో గీత గీసి చూపించేవాడు. నేను వరండా తుడుస్తూ వినేదాన్ని. ఒకే చోట పది నిమిషాలు తుడిచేదాన్ని. ఆ వరండా అంత శుభ్రంగా ఎన్నడూ లేదు.

సాయంత్రం క్లాసు అయ్యాక టీవీ ఆపి, గాజు తుడవడం నా పని. సరోజినీ నగర్ మార్కెట్లో చవగ్గా దొరికే పాత బనీను గుడ్డలు దానికి బాగా పనికొస్తాయి, నూలు ఊడదు. ఆపితే ఆ గాజు నల్లగా అయిపోతుంది. అప్పుడు పక్కకి వంగి చూస్తే పిల్లల వేళ్ళ జిడ్డంతా కనిపిస్తుంది. జులైలో పది రోజులు వరసగా తుడిచాక నాకు ఒక సంగతి తట్టింది. సారుతో చెప్పాను.

"సారూ, మీ పిల్లలు దేశమంతా చూడట్లేదండి."

"అదేందమ్మా, రోజూ చూస్తున్నరు గద."

"రెండే చోట్ల జిడ్డు ఉంటోందండి. ఒకటి ఇక్కడ పైన, ఢిల్లీ పక్కన. ఇంకోటి ఇక్కడ కింద. ఆ కింద ఉన్నదేంటండి?"

సారు దగ్గరికొచ్చి, నాలాగే పక్కకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "హైదరాబాద్" అన్నాడు. "గుర్గావ్ల వీళ్ళ డాడీలు పనిచేస్తరు. హైదరాబాద్ల మేనమామలుంటరు. ఇగ మిగిలిన దేశం వీళ్ళకి లేనే లేదు. నేను చెప్తనే ఉన్న, వీళ్ళు తెలిసిన చోటనే కొంటనే ఉన్నరు."

మర్నాడు క్లాసులో ఆ రెండు ఊళ్ళ మీద ఒక నెలపాటు ఎవరూ వేలు పెట్టకూడదని చెప్పేశాడు. పిల్లలు గోల పెట్టారు. ముందు బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి ఉండేది. ఇంట్లో తెలుగు, నోట్లో హిందీ. "సర్, ఫిర్ హమ్ ఖరీదేంగే క్యా, రాయీ?" అంది. మరి మేం కొనేదేంటి, ఆవాలా అని. "అవును, ఆవాలే" అన్నాడు సారు. రాజస్థాన్‌లో ఆవనూనె కంపెనీ చూపించాడు. ఆ అమ్మాయి అదే కొంది. అది పచ్చగా వెలిగిన రోజు వరండాలో నాతో కూడా చేయి కలిపింది.

అప్పటినుంచి రోజూ గాజు తుడిచే ముందు సారు వచ్చి, "ఏమన్నది ఇవ్వాళ గాజు?" అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. "తూర్పున పైమూల కొంచెం మొదలైందండి." "గుజరాత్ అంచంతా జిడ్డేనండి." నెల తిరిగేసరికి నా గుడ్డ దేశమంతా తిరగాల్సి వచ్చింది.

ఆగస్టులో ఎవడో బబుల్ గమ్ తెచ్చి ఆ టీవీ చట్రానికి అంటించాడు. మ్యాపుకి పిచ్చెక్కినట్టయింది, ముట్టుకోకుండానే కొనడం మొదలెట్టింది. రిపేరువాడు వచ్చి గమ్ గీకేసి, నాకు పాఠం చెప్పాడు. ఆ చట్రంలో కంటికి కనపడని వెలుగు పోగులు అడ్డంగా, నిలువుగా పోతుంటాయట. వేలు పెడితే ఆ పోగులు తెగుతాయి, దాన్నిబట్టే మిషనుకి వేలు ఎక్కడుందో తెలుస్తుందట. చట్రం మీద ఏది అంటుకున్నా అదే వేలనుకుంటుంది. "ఆంటీజీ, ఫ్రేమ్ పే కోయీ కచరా మత్ రహ్‌నే దేనా" అన్నాడు. "ఠీక్ హై భయ్యా, ఏ చెత్తా ఉండనివ్వను" అన్నాను. అన్నమాట నిలబెట్టుకున్నాను కూడా. దసరాకి ముందు బడి ఆఖరి రోజు దాకా.

మా బడిలో దసరా సెలవులిచ్చే రోజు సాయంత్రం మిషన్లన్నిటికీ పూజ చేయడం ఆనవాయితీ. కమిటీ ఆర్డరు. ట్రెజరర్ గారు లిస్టు ఇస్తారు, పూజ అయినవాటికి టిక్కు పెడతారు. బొట్లు పెట్టేది నేను. మొదటి ఏడాది ఒక పంతులమ్మ గారు మొహమాటపడుతూ, "ఆయమ్మా, మరి నువ్వు పెట్టొచ్చా?" అని అడిగారు. నాకు అర్థమైంది. "ఆయ్, మీరే పెట్టండమ్మా. ముప్ఫై కంప్యూటర్లు, రెండు వ్యాన్లు, నీళ్ళ మోటారు, జెరాక్సు, కరెంటు గంట" అన్నాను. ఆవిడకి ఆ రాత్రి రైలు ఉంది. లిస్టు పూర్తిగా విని, "దేవుడికి అందరూ ఒకటేలే" అని వెళ్ళిపోయారు. అలా నా నుదుట లేని బొట్టు ఆ బడిలో ప్రతి మిషనుకీ నా చేత్తోనే పెట్టాను.

ఆ ఏడు లిస్టులో టచ్ టీవీ కొత్తగా చేరింది. గాజు మీద పెడితే మరక పడుతుందని తెలివిగా ఆలోచించి, ద్వారబంధానికి పెట్టినట్టు చట్రానికి పెట్టాను. పైన నడిమధ్య ఒకటి, కింద ఒకటి, అటొకటి, ఇటొకటి. జారకుండా గంధంలో నూనె చుక్క వేసి, పైన కుంకుమ. చెత్త ఉండనివ్వొద్దన్నాడు రిపేరువాడు. బొట్టు చెత్త ఎలా అవుతుంది? నా బుర్రలో ఆ రెండూ ఒకదానికొకటి తగల్లేదు. పిల్లలు కమిటీకి చూపించడానికని ఆ సాయంత్రం దాకా సాధన చేసి వెళ్ళారు. గాజు తుడవలేదు. బొట్టు పెట్టాక మిషను ముట్టుకోకూడదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి మోకాళ్ళు నొప్పి.

సెలవులయ్యాక బడి తెరిచిన రోజే కమిటీ వచ్చింది. ప్రెసిడెంటు గారు పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి, ఎవరినీ కసరరు, కానీ ఆయన అడిగే ప్రశ్నకి మటుకు జవాబు ఉండాలి. ట్రెజరర్ గారు అకౌంట్సు ఆఫీసు నుంచి వచ్చినాయన. ఆయన మొహం చూస్తే టీలో చక్కెర ఎక్కువైందేమో అనిపిస్తుంది. నేను కుర్చీలు వేసి, టీ పట్టుకొచ్చేసరికి సారు ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. చట్రం మీద బొట్లు చూసి, "మంచిగ పెట్టినవ్ ఆయమ్మా" అని దణ్ణం కూడా పెట్టుకున్నాడు.

టీవీ వేశాడు. మ్యాపు వచ్చింది. సరిగ్గా నడిమధ్యన ఒక గుండ్రం తనంతట తనే వెలిగింది. నాగపూర్ పక్కన. అక్కడ నారింజ రసం కంపెనీ బొమ్మ లేచింది. లేచి, కొనడం మొదలెట్టింది.

సారు గుజరాత్ మీద వేలు పెట్టాడు. నారింజ రసం కొంది. కేరళ మీద పెట్టాడు. నారింజ రసం కొంది. పిల్లలందరూ మూడు నెలలు కష్టపడి దాచుకున్న ఉత్తుత్తి డబ్బంతా పక్కన అంకెల్లో గిర్రున దిగిపోతోంది. వెనక బెంచీవాడు, "సర్, ఔర్ కిత్‌నా జూస్ పియేంగే?" అన్నాడు, ఇంకెంత జూసు తాగుతాం అని. క్లాసు నవ్వింది. సారు నవ్వలేదు. అతని చొక్కా వీపున తడిసింది.

"ఏమిటండీ ఇది?" అన్నారు ట్రెజరర్ గారు. "షేర్ మార్కెట్ అంటే ఇదేనా, మనం ముట్టుకోకుండానే డబ్బు పోవడం?"

"సర్, ఒక్క నిమిషం. ఏదో టెక్నికల్..."

"సుద్దముక్కతో బోర్డు మీద చెప్పే చదువుకి ఇంత హంగామా ఎందుకని నేను మొదట్నుంచీ అంటున్నాను."

టీ పళ్ళెం పట్టుకుని నేను ఆ గుండ్రాన్ని చూశాను. దానికి సరిగ్గా పైన నా బొట్టు. సరిగ్గా కింద నా బొట్టు. అటూ ఇటూ నా బొట్లు. రిపేరువాడి పాఠం ఒక్కసారిగా గుర్తొచ్చింది.

ఇక్కడ నేను మంచిదాన్నని చెప్పుకోవాలంటే వెంటనే ఒప్పుకున్నానని చెప్పాలి. ఒప్పుకోలేదు. ఎవరికీ తెలియకుండా తుడిచేద్దామనుకున్నాను. మార్చిలో నాకు సన్మానం చేసి శాలువా కప్పుతారని అప్పటికే అనుకుంటున్నారు, ఈ గొడవలో ఎందుకు పడటమని. టీ ఇచ్చే వంకతో టీవీ పక్కకి చేరి, పైటకొంగుతో పై బొట్టు తుడిచాను. ఏమీ మారలేదు, కింద బొట్టు ఉంది కదా. కుడి బొట్టు తుడిచాను, అప్పుడూ అంతే. ఎడమ బొట్టు తుడవబోయాను. దానికి నూనె ఎక్కువ పడినట్టుంది, కొంగుతోపాటు జానెడు పైకి పాకింది. మ్యాపు కూడా దాంతో పాకింది. నాగపూర్ వదిలి పైకి పైకి వెళ్ళి మంచుకొండల్లో ఆగింది. అక్కడ కంపెనీలు లేవు. మిషను పాపం అక్కడ కూడా ఏదైనా దొరుకుతుందేమోనని వెతుకుతోంది.

"ముందు ఆపేయండి దాన్ని" అన్నారు ట్రెజరర్ గారు.

సారు ప్లగ్గు తీసేశాడు. గాజు నల్లబడింది. సారు దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకుని, "మీ కష్టం నాకు తెలుసు మాస్టారూ. కానీ పిల్లలు ఏం నేర్చుకున్నారో చూడకుండా నేను దేనిమీద సంతకం పెట్టను? కమిటీ మళ్ళీ కూర్చునేది ఫిబ్రవరిలో. అప్పటికి కొత్త టీచరు కోసం ప్రకటన ఇచ్చేసి ఉంటాం" అన్నారు.

ఆ అబ్బాయి తల ఊపాడు, సరేనన్నట్టు. ఆ తల ఊపడం నేను చూడలేకపోయాను.

"అయ్యగారూ, తప్పు సారుది కాదండి. నాదండి" అన్నాను. నా గొంతు తెలుసుగా, పక్క క్లాసులో పాఠం కూడా ఆగిపోయింది.

బొట్ల సంగతి, నూనె సంగతి, రిపేరువాడి సంగతి అంతా చెప్పాను. కొంగు మీద కుంకుమ మరక కూడా చూపించాను. క్లాసు మళ్ళీ నవ్వింది, ఈసారి సారు కూడా నవ్వు దాచుకోవడానికి మొహం తిప్పుకున్నాడు. ప్రెసిడెంటు గారు ట్రెజరర్ గారి వైపు చూశారు. "ఈ మిషను పూజ లిస్టులో ఉందా?" అన్నారు.

"ఉందండి" అన్నారు ట్రెజరర్ గారు, చిన్నగా.

"టిక్కు పెట్టారా?"

"పెట్టానండి. కానీ చట్రం మీద పెట్టమని లిస్టులో లేదు. పెట్టేముందు అడగాలి కదా. అసలు ఆయమ్మా, ఆ మిషను తుడిచావా లేదా? చూడు, గాజు నిండా ఎంత జిడ్డో."

నిజమే. కిటికీలోంచి పొద్దుటి వెలుగు ఏటవాలుగా పడి, నల్లటి గాజు మీద వేళ్ళ మరకలన్నీ తేలాయి. నేను చూసి తల దించుకోబోయాను. అంతలో నా కళ్ళు వాటిని రోజూలాగే చదవడం మొదలెట్టాయి.

"అయ్యగారూ, పిల్లలేం నేర్చుకున్నారో చూడాలన్నారు కదండి. ఆ జిడ్డు చూడండి. జులైలో రెండంటే రెండు ఊళ్ళలో ఉండేదండి, వాళ్ళ నాన్నలున్న చోటు, మేనమామలున్న చోటు. ఇప్పుడు దేశమంతా ఉంది చూడండి. తుడిచేదాన్ని నాకు తెలుసండి."

ఎవరూ నవ్వలేదు. ప్రెసిడెంటు గారు లేచి, కళ్ళజోడు సవరించుకుని గాజు దగ్గరికి వెళ్ళారు. నల్లటి గాజు మీద, ఊళ్ళూ గీతలూ ఏమీ లేని చోట, ఒక మరక మీద వేలు పెట్టారు. "ఇక్కడ ఏముందమ్మా?" అని ముందు బెంచీ అమ్మాయిని అడిగారు.

ఆ అమ్మాయి ఒక్క క్షణం చూసింది. "అంకుల్, వో అస్సాం హై. చాయ్. పిఛ్‌లే మహీనే బాఢ్ ఆయీ థీ, హమ్‌నే బేచ్ దియా" అంది. వరదలొచ్చాయి, అమ్మేశాం అని.

ఇంకో మరక. వెనక బెంచీవాడు లేచాడు. "తిరుప్పూర్, సర్. టీషర్టులు. బయటి దేశాలవాళ్ళు ఆర్డర్లు తగ్గిస్తే మనకే దెబ్బ. నేను ఆలస్యంగా అమ్మాను." ఇంకోటి, ఇంకోటి. పిల్లలు కూర్చోకుండా లేస్తూనే ఉన్నారు. సారు మటుకు గోడకి ఆనుకుని నేల చూస్తున్నాడు, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ట్రెజరర్ గారు ఊరుకోలేదు. ఆయన కూడా లేచి వచ్చి, మరకల మధ్యలో ఒక్క జిడ్డు చుక్క లేని చోట వేలు పెట్టి, "మరి ఇక్కడ? ఇది ఎవరికీ తెలియదన్నమాట" అన్నారు.

"తెలుసు అంకుల్" అంది ఆ అమ్మాయి, ఈసారి తెలుగులో, ఒక్కో మాట ఏరుకుంటూ. "అక్కడ చక్కెర ఫ్యాక్టరీ ఉంది. మేం అందరం కొన్నాం, అందరం మునిగాం. అందుకే ఇప్పుడు ఎవరూ ముట్టుకోరు."

ప్రెసిడెంటు గారు జేబులోంచి రుమాలు తీసి వేలు తుడుచుకుని, "పెన్ను ఇవ్వండి" అన్నారు.

సారు ఉద్యోగం నిలిచింది. నాకు మెమో వచ్చింది. ఇంగ్లీషులో, రెండు స్టాంపులతో. సారే చదివి చెప్పాడు. బొట్టు గురించి అందులో ఒక్క ముక్క లేదు, ఉంటే ట్రెజరర్ గారి టిక్కు గురించి కూడా రాయాల్సి వచ్చేది. సెలవులకి ముందు గాజు తుడవనందుకు సంజాయిషీ ఇవ్వమని మటుకు ఉంది.

"క్షమించమని రాద్దాం ఆయమ్మా, అయిపోతది" అన్నాడు సారు.

"ఆయ్, నేను చెప్పింది చెప్పినట్టు రాయండి సారూ. తుడవలేదు, అది నిజం. తుడిచి ఉంటే ఆ రోజు చూపించడానికి ఏమీ ఉండేది కాదు, అదీ నిజం. ఇక కమిటీవారి దయ అని రాయండి."

అతను అలాగే రాశాడు. నేను సంతకం పెట్టాను, నా పేరులో ఒక కొమ్ము మర్చిపోయాను, సారు చూసి చూడనట్టు ఊరుకున్నాడు. పది రోజులకి జవాబు వచ్చింది, అది కూడా ట్రెజరర్ గారి సంతకంతోనే. ఇకమీదట టచ్ టీవీ గాజు తుడిచే ముందు కామర్స్ సారు అనుమతి తీసుకోవాలట. ఢిల్లీలో ఇన్నేళ్ళు ఉన్నాను, అన్నిటికీ పర్మిషన్ అడిగాను, జిడ్డుకి అడగడం అదే మొదలు.

మార్చి దాకా అలాగే చేశాం. క్లాసు అయ్యాక సారు ప్లగ్గు తీసి, పిల్లల్ని పంపేసి, చేతులు వెనక్కి కట్టుకుని గాజు ముందు నిలబడేవాడు. నేను గుడ్డ పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. నా ఆఖరి వారంలో ఒకరోజు అతను బాగా ముందుకు వంగాడు.

"ఆయమ్మా, ఇది చూడు. బంగాళాఖాతం నడిమిట్ల ఇంత పెద్ద మరకేంది? ఆడ ఏం కంపెనీ లేదే. పిల్లలు ఏమన్న కొత్తది పట్టిన్రా?"

నేను దగ్గరికెళ్ళి, వేలితో రాసి, వాసన చూశాను.

"కాదు సారూ, సమోసా."

"ఇగ తుడువు" అన్నాడు.